వంతెన మీది తెల్లచీర ఆవిడ

ఆ రోజుల్లో నాకు ముఖ్యంగా రెండు భయాలు ఉండేవి. ఒకటి నీళ్ళంటే, రెండోది దెయ్యాలంటే. (వీసా భయాన్ని ఇందులో కలపడం లేదు, అది మా అందరికీ ఉమ్మడి ఆస్తి.) అమెరికాలో, ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్‌లో రూమ్మేట్‌తో ఉంటూ, ఒక మందుల కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తూ, ఆదివారం మధ్యాహ్నం తెలుగు చర్చికి వెళ్ళి పాటలు పాడుకునే ఇరవై ఆరేళ్ళ పిల్లకి ఈ రెండు భయాలతోనూ రోజూ పని పడేది కాదు. మా కాంప్లెక్స్‌లో ఉన్న ఈత కొలనుకి ఏడాదిలో తొమ్మిది నెలలు తాళమే. దెయ్యాల సంగతికొస్తే, ఆ అద్దెలు కట్టుకుని మా చుట్టుపక్కల ఉండగలిగే దెయ్యం ఏదీ నాకు తగల్లేదు. అందుకని రెండింటినీ పెట్టె అడుగున పాత చీరల్లా దాచేసుకుని హాయిగా బతుకుతుండేదాన్ని. ఒక అక్టోబర్ ఉదయం, ఒక్క గంట వ్యవధిలో, రెండూ కలిసి బయటికొచ్చి నా ముందు నిలబడ్డాయి.

దానికి కారణం నేనాడిన అబద్ధం. ఆ ఏడాది వేసవిలో నాకు పెళ్ళి కుదిరింది. కాబోయే ఆయన దూరంగా ఇంకో రాష్ట్రంలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో, కార్ల కంపెనీలో ఇంజనీరు. మా రెండు కుటుంబాలూ కోస్తా జిల్లాల క్రైస్తవులే, రెండూ నీళ్ళలో పూర్తిగా మునిగి బాప్తిస్మం తీసుకునే సంఘాలే. ఫోన్‌లో మూడోసారో నాలుగోసారో మాట్లాడినప్పుడు ఆయన మామూలుగా, ఉద్యోగం గురించి అడిగినట్టే, బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నావని అడిగారు. నేను అంతకంటే మామూలుగా, అదెప్పుడో అయిపోయిందండీ, పదిహేనో ఏట, అనేశాను. పదిహేనో ఏట జరిగింది వేరు. ఎనిమిదేళ్ళప్పుడు మా ఊరి పంటకాలవలో రేవు మెట్టు జారి, ఎవరో జుట్టు పట్టి లాగేదాకా అడుగున ఉండిపోయాను. ఆ పచ్చటి చీకటి నా కళ్ళలోంచి పోలేదు. పదిహేనేళ్ళకి అదే కాలవ దగ్గర తెల్లబట్టల్లో బాప్తిస్మం వరసలో నిలబెడితే, నా వంతు వచ్చేసరికి చెప్పులు కూడా వదిలేసి ఇంటికి పరిగెత్తాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా సంఘంలో నన్ను గుర్తుపట్టాలంటే 'పారిపోయిన పిల్ల' అనేవారు.

సెప్టెంబర్‌లో ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి కబురొచ్చింది. జనవరిలో పెళ్ళి చేయబోయే వాళ్ళ పాస్టరుగారికి నా బాప్తిస్మం సర్టిఫికెట్ కావాలట. అది లేకుండా ఆయన పెళ్ళి చేయరు. లేదంటే లేదని చెప్పొచ్చు, కానీ అయిపోయిందని చెప్పినదాన్ని లేదని ఎలా చెప్పను? వెళ్ళి మా పాస్టరుగారి కాళ్ళ మీద పడ్డాను. (మేమంతా ఆయన్ని అయ్యగారు అని, ఆయన భార్యని అమ్మగారు అని పిలిచేవాళ్ళం. అయ్యగారు వారంలో ఐదు రోజులు డేటాబేసులు చూసుకునేవారు, మిగతా రెండు రోజులు మమ్మల్ని.) మా చర్చికి సొంత భవనం లేదు. అమెరికన్ల చర్చిలో వాళ్ళ ఆరాధన అయిపోయాక రెండింటికి హాలు అద్దెకు తీసుకునేవాళ్ళం, అందులో బాప్తిస్మం తొట్టి లేదు. ఈత కొలనులో ఇచ్చేయండి అయ్యగారూ, నిలబడితే కాళ్ళు ఆనతాయి, అని బతిమాలాను. ఆయన మందుకలిపిన నీళ్ళు ఒప్పుకోలేదు. పారే నీళ్ళే కావాలన్నారు. అక్టోబర్‌లో చర్చి రిట్రీట్ ఎలాగూ నది ఒడ్డునే పెట్టుకున్నాం కదా, అక్కడే కానిద్దాం, అది దాటితే మళ్ళీ మే నెల దాకా నీళ్ళలో దిగలేం, అన్నారు. అంటే ఆ శనివారం పారిపోతే పెళ్ళి పోయినట్టే, దానితో పాటు నా మాట మీద కాబోయే ఆయనకున్న నమ్మకం కూడా.

రిట్రీట్ అంటే ఏడాదికోసారి సంఘమంతా రెండ్రోజులు బయటికెళ్ళి గడపడం, దాన్ని పెట్టుకున్నది పెన్సిల్వేనియా వైపు ఒక నది లోయలో. ఊరి పేరు చెప్పను, ఎందుకో మీకే చివరికి తెలుస్తుంది. ప్లెయిన్స్‌బరో నుంచి రెండున్నర గంటల డ్రైవ్. మా రూమ్మేట్ వరంగల్ పిల్ల, మా చర్చి కాదు, అసలు ఏ చర్చీ కాదు, కయాకింగ్, అంటే ఒక్కరు పట్టే సన్నటి పడవల్లో షికారు, ఉందని విని మాతో బయల్దేరింది. ఆమెని అందరం ఎక్సెల్ అనేవాళ్ళం, పళ్ళు తోముకోవడం దగ్గర్నుంచి ప్రతిదీ షీట్‌లో రాసుకునేది కాబట్టి. శనివారం పొద్దున బాప్తిస్మం, తర్వాత ప్రేమవిందు, అంటే అల్యూమినియం ట్రేలలో బిర్యానీ, మధ్యాహ్నం కయాకింగ్, ఆదివారం పాత రైలు కట్ట మీద సైకిళ్ళు, అని ఆమె షీట్‌లో ఉంది. నాకు మాత్రం ఆ షీట్‌లో మొదటి గడి తప్ప ఏదీ కనిపించలేదు.

శుక్రవారం సాయంత్రం లోయలోకి దిగుతుండగా ముందు ఫోన్ సిగ్నల్ పోయింది, తర్వాత రేడియో పోయింది, తర్వాత కార్లో మాటలు పోయాయి. రెండు వైపులా కొండలు, మధ్యలో నల్లగా, చప్పుడు చేయకుండా పారే నది. మధ్యలో వచ్చే ఊళ్ళకి ఒక్కొక్క వీధే. నాలుగు గంటలకే దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, మనిషన్నవాడు లేడు. మనుషులకు బదులు అరుగుల మీద కుర్చీలలో అస్థిపంజరాలు కూర్చుని ఉన్నాయి. ఇళ్ళ ముందు గడ్డిలో సమాధి రాళ్ళు, వాటి మధ్య నేలలోంచి బయటికొచ్చిన చేతులు. అది హాలోవీన్ అలంకారమని మాకు తెలుసు, ప్లెయిన్స్‌బరోలోనూ గుమ్మడికాయలు పెడతారు. కానీ అక్కడ పక్కనే పిల్లలుంటారు, నవ్వుతుంటారు. ఇక్కడ ఒక ఊరికి ఊరు ఖాళీ చేసి వీటికి అప్పజెప్పి వెళ్ళినట్టుంది. ముందు సీట్లో అమ్మగారు ప్రతి ఇంటికీ ఒక ప్రార్థన చొప్పున చేసుకుంటూ వచ్చారు. మేం దిగిన పాత ఫార్మ్‌హౌస్ అరుగు మీద కూడా ఒకటుంది, ఊగే కుర్చీలో, ఒడిలో గుమ్మడికాయతో. దీని ముందు బైబిల్ ఎలా తెరుస్తామండీ, అని అమ్మగారు అనడంతో అయ్యగారు దాన్ని రెండు చేతుల్లో పెళ్ళికూతుర్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెనక షెడ్డులో పెట్టి తలుపు గడియ వేసి వచ్చారు.

మర్నాడు పొద్దున్నే ఐదున్నరకి అమ్మగారు నాకు తెల్లచీర కట్టారు. నీళ్ళలో దిగినప్పుడు చీర పైకి తేలకూడదని ఆవిడకి పట్టుదల. అందుకని మామూలుగా గుచ్చే చోట్ల కాకుండా మోకాళ్ళ దగ్గర, పిక్కల దగ్గర, చీలమండల దగ్గర కూడా పిన్నులు గుచ్చారు. అయ్యేసరికి నేను రెండంగుళాల అడుగులు తప్ప వేయలేని స్థితికి వచ్చాను. జడ విప్పి జుట్టు వదిలేయమన్నారు. బాప్తిస్మం అయ్యేదాకా ఉపవాసం కాబట్టి కాఫీ లేదు. ఏడు దాకా గదిలో కూర్చుని ప్రార్థన చేసుకోమని చెప్పి ఆవిడ మిగతా వాళ్ళకి పిన్నులు గుచ్చడానికి వెళ్ళారు. నేను ప్రార్థన చేద్దామనే కళ్ళు మూసుకున్నాను. మూసుకోగానే ఆ పచ్చటి చీకటి. అప్పుడు నాలో ఉన్న టెస్టింగ్ ఇంజనీరుకి ఒక ఆలోచన వచ్చింది. భయపడుతున్నది లోతుకి. లోతు ఎంతో తెలియదు కాబట్టి. ముందే వెళ్ళి కొలుచుకుని వస్తే పోలా? వంటగదిలోంచి ఫ్లోర్ తుడిచే మాప్ తీసుకుని, గుడ్డ ఊడదీసి, ఆ కర్ర పట్టుకుని వెనక తలుపు తీశాను.

బయట ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. నది నుంచి లేచిన పొగమంచు కొండల్ని, చెట్లని, మా కార్లని అన్నింటినీ తుడిచేసింది. పది అడుగుల అవతల ప్రపంచం ఆగిపోయింది. నా ఊపిరి నాకే వినిపిస్తోంది. ఇంటి చుట్టూ తిరిగి ముందు వైపుకి వచ్చేసరికి అరుగు మీద ఊగే కుర్చీ కదులుతోంది. అందులో, ఒడిలో గుమ్మడికాయతో, అస్థిపంజరం కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం గడియ వేసిన షెడ్డులోంచి. నేను అరవలేదు. అరవడానికి నోరు రావాలి కదా. (అద్దె కాగితంలో సామాను కదిలించరాదని ఉందని ఎక్సెల్ తెల్లవారకముందే దాన్ని తెచ్చి కూర్చోబెట్టి, షీట్‌లో టిక్కు కూడా పెట్టుకుందని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో తెలియలేదు.) అప్పటికే అరుగు దాటేశాను, వెనక్కి వెళ్ళాలంటే మళ్ళీ దాని పక్కనుంచే వెళ్ళాలి. అందుకని ముందుకే, నది వైపు, రెండంగుళాల అడుగులతో ఎంత వేగంగా వెళ్ళగలనో అంత వేగంగా వెళ్ళాను.

నది మీద ఒకే కారు పట్టే పాత ఇనప వంతెన ఉంది, బాప్తిస్మం ఇవ్వబోయే చోటు దాని అవతలి ఒడ్డున. కింద నీళ్ళు కనిపించడం లేదు, గొణుగుతున్న చప్పుడు మాత్రం ఉంది. వంతెన మధ్యకొచ్చాక వెనకొడ్డు కనిపించలేదు, ముందొడ్డూ కనిపించలేదు. నేను నిలబడిన నాలుగు పలకల ఇనుము తప్ప భూమ్మీద ఏమీ మిగలలేదనిపించింది. ఎవరో పిలిచినట్టయి ఆగాను. ఎవరూ లేరు. అవతలి ఒడ్డు చేరి, నీళ్ళ వరకూ దిగే కాలిబాట పట్టుకుని, ఆఖరి రాయి మీద నిలబడి కర్ర నీళ్ళలో పెట్టబోయి తలెత్తాను.

నది మధ్యలో ఇద్దరు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. నడుము నుంచి పైకి ఉన్నారు, కిందికి లేరు. మంచులో తేలుతున్నట్టు, ఒకరికొకరు దూరంగా, ఒక్క మాట లేకుండా. అందులో ఒకతను మెల్లగా కుడిచెయ్యి పైకెత్తాడు. ఆ చేతిలోంచి సన్నటి తీగలాంటిది వెలుగుతూ గాల్లోకి లేచి, వంపు తిరిగి, మంచులో మాయమైంది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ మాయమైంది. రబ్బరు ప్యాంట్లు తొడుక్కుని నడుము లోతు నీళ్ళలో నిలబడి గేలం విసిరే వాళ్ళుంటారని ఇప్పుడైతే నాకు తెలుసు. అప్పుడు తెలిసింది ఒక్కటే. మా ఇళ్ళల్లో చిన్నప్పటి నుంచీ చీకట్లో పెరట్లోకి వెళ్ళాలన్నా, పీడకల వచ్చినా, ఆఖరికి పక్కింటి కుక్క వెంటపడినా ఒక్కటే చెప్పడం నేర్పుతారు. నేను మాప్ కర్ర రెండు చేతులతో తలపైకెత్తి, కొండలు మారుమోగేట్టు అందుకున్నాను.

"యేసు రక్తమే జయం! యేసు రక్తమే జయం! యేసు రక్తమే జయం!"

ఇద్దరూ ఒకేసారి నావైపు తిరిగారు. వాళ్ళ ముఖాలు నాకు కనిపించలేదు. ఒక సన్నటి మూలుగు వినిపించింది, తర్వాత పెద్దగా నీళ్ళ చప్పుడు, తర్వాత ఏమీ లేదు. మంచులోకి వెళ్ళిపోయారు. ప్రార్థనకి ఇంత తక్షణ ఫలితం నా జీవితంలో అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ చూడలేదు. ఆ ఆశ్చర్యంలోనే వెనక్కి తిరిగి పరిగెత్తబోయాను. పరిగెత్తేది నేను, వద్దనేవి అమ్మగారి పిన్నులు. నిలబడినదాన్ని నిలబడినట్టే, కర్రతో సహా, పక్కకి వాలి నదిలో పడ్డాను.

పూర్తిగా మునిగాను. అదే పచ్చటి చీకటి, ఎనిమిదేళ్ళప్పటిదే, నాకోసం అక్కడ ఇన్నాళ్ళూ కాచుకుని ఉన్నట్టు. ఇంక ఎవరూ జుట్టు పట్టుకుని లాగరు, అయిపోయింది, అనుకున్నాను. ఆ అనుకోవడం అయ్యాక కూడా ఏమీ అవలేదు. కాళ్ళకి గులకరాళ్ళు తగిలాయి. లేచి నిలబడ్డాను. నీళ్ళు నా నడుం దాకా ఉన్నాయి, అంతే. పద్దెనిమిదేళ్ళు నేను భయపడింది నడుం లోతుకి. చలికి పళ్ళు కొట్టుకుంటుండగా అక్కడే నిలబడి కాసేపు ఏడ్చాను, ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఒడ్డున రాతి మీద ఒక టోపీ, మూత తీసిన ఫ్లాస్కు కనిపించాయి. ఫ్లాస్కులోంచి కాఫీ పొగలు వస్తున్నాయి. దెయ్యాలు కాఫీ తాగవు కదా అని అప్పుడు తట్టింది. ఎవరో పాపం జాలర్లని నా అరుపుతో హడలగొట్టాననుకుని, టోపీ వాళ్ళకి కనబడేట్టు సర్ది, ఉపవాసం కాబట్టి కాఫీ వాసన మాత్రం చూసి, బయల్దేరాను.

మళ్ళీ అదే వంతెన. జుట్టంతా ముఖం మీద, చీర ఒంటికి అతుక్కుపోయి, చేతిలో కర్ర, రెండంగుళాల అడుగులు. వంతెన చివర ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కొట్టు ఉంది. లోపల దీపం వెలుగుతోంది. అద్దం తలుపు వెనక ఒక పెద్దావిడ చేతిలో కప్పుతో నిలబడి నన్నే చూస్తోంది. ఒక తువ్వాలు అడుగుదామని చెయ్యెత్తాను. గుడ్ మార్నింగ్ అందామంటే దవడలు కదలవు, ఏదో సన్నగా ఊళ వచ్చింది. ఆవిడ దీపం ఆర్పేసి, 'మూసి ఉంది' అన్న బోర్డు తిప్పింది. ఇంకా కొట్టు తెరిచే వేళ కాలేదు కాబోలు, పొద్దున్నే ఇబ్బంది పెట్టాను, అనుకుని ముందుకి సాగాను.

ఇంటి దగ్గర నన్ను చూసి అమ్మగారు ఏడ్చారు, అయ్యగారు ఆశ్చర్యపోయారు, ఎక్సెల్ టవళ్ళు తెచ్చింది. సంగతంతా విన్నాక ఒక కొత్త ధర్మసందేహం వచ్చింది. మునిగింది కదండీ, పారే నీళ్ళే కదా, ప్రభువు నామం కూడా మూడుసార్లు తలచుకుంది కదా, ఇంకెందుకు మళ్ళీ, అని అమ్మగారి వాదన. పిల్ల నీలం రంగుకి తిరుగుతోందని ఆవిడ బాధ. అయ్యగారు చాలాసేపు గడ్డం నిమురుకుని, డేటాబేసు చూసే ముఖం పెట్టి తీర్పు చెప్పారు.

"అమ్మాయ్, పడిపోవడం బాప్తిస్మం కాదు. నీ అంతట నువ్వు నడిచి దిగితేనే అది. దిగుతావా?"

అందరూ నా కాళ్ళ వైపు చూశారు. నా కథ అందరికీ తెలుసు. ఎక్సెల్ నా చెవిలో మెల్లగా అంది. "లోతెంతనో నీకే ఎరుకైంది గదనే. గింత దానికి ఇంకా భయమెందుకే? పో, నేన్ ఒడ్డుమీదనే ఉంట."

దిగాను. నా అంతట నేను, పిన్నులతోనే. మంచు అప్పటికి పల్చబడి కొండల మీద ఎర్రాకులు బయటపడుతున్నాయి. అయ్యగారి చెయ్యి నా వీపు కింద ఉంది, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామం ఆయన నోట వినబడుతుండగా ఆ పచ్చటి చీకట్లోకి కళ్ళు తెరుచుకునే వెళ్ళాను. అక్కడ ఎవరూ లేరు. పైకొచ్చేసరికి ఒడ్డు మీద మావాళ్ళు పాడుతున్నారు, ఎక్సెల్‌కి పాట రాదు గానీ చప్పట్లు కొడుతోంది. మధ్యాహ్నం బిర్యానీ అయ్యాక వంతెన మధ్యకి వెళ్ళాను, ఊరు మొత్తానికి సిగ్నల్ దొరికేది అక్కడొక్కచోటే. కాబోయే ఆయనకి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేశాను. పదిహేనో ఏట అయిపోయిందన్నది అబద్ధమని, ఇవాళే అయిందని.

"సర్టిఫికెట్ మీద డేట్ చూస్తే నాకెలాగూ తెలిసేదిగా. నువ్వే చెప్పావు, అది చాలు," అన్నారు. "ఇంకేమైనా ఉన్నాయా చెప్పాల్సినవి?"

"దెయ్యాలంటే భయమండీ."

"నాక్కూడా," అన్నారాయన.

కథ ఇక్కడితో అయిపోయిందనే పద్నాలుగేళ్ళు అనుకున్నాను. పెళ్ళయ్యాక ఆయనే ఉద్యోగం మార్చుకుని ప్లెయిన్స్‌బరో వచ్చేశారు. కిందటి అక్టోబర్‌లో మా పదకొండేళ్ళ అమ్మాయికి ట్యూబింగ్ చేయాలని, అంటే రబ్బరు ట్యూబుల మీద కూర్చుని నది వాలున కొట్టుకుపోవాలని, కోరిక పుట్టింది. అమ్మ మునిగిన నది చూపిస్తానని ఆయన అక్కడికే బుక్ చేశారు. లోయ మారలేదు. సిగ్నల్ పోయింది, అస్థిపంజరాలు కుర్చీల్లోనే ఉన్నాయి, వంతెన అలాగే ఉంది. మారిందల్లా ఆ కొట్టే. గుమ్మం ముందు చెక్క బొమ్మ ఒకటి నిలబెట్టారు. తెల్లటి పొడుగాటి బట్ట, ముఖం మీద జుట్టు, చేతిలో పొడవాటి కర్ర. లోపల అదే బొమ్మ కప్పుల మీద, టీషర్టుల మీద, ఫ్రిజ్‌కి అంటించే బిళ్ళల మీద. మా అమ్మాయి ఒక కప్పు పట్టుకుని చాలాసేపు చూసింది.

"అమ్మా, ఈ లేడీ నీలా ఉంది," అంది.

కొట్టు పెద్దావిడ, ఆవిడే, ఇంకా ముసలిదైంది, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. వంతెన మీది తెల్లచీర ఆవిడట. పూర్వం ఎప్పుడో పెళ్ళి కుదిరిన పిల్ల పడవ బోల్తాపడి ఈ నదిలో పోయిందట. చేతిలో ఉన్నది ఆ పడవ తెడ్డట. అక్టోబర్ మంచులో వస్తుందట, నడవదట, పాదాలు కదపకుండా జారుతుందట. చేపలు పట్టే అన్నదమ్ములిద్దరికి నదిలో కనిపించి, తెడ్డు ఎత్తి ఏదో భాషలో మూడుసార్లు శపించిందట. వాళ్ళు మళ్ళీ ఆ నదిలో గేలం వేయలేదు. ఆ శాపం ఇప్పటికీ ఊళ్ళో అందరికీ వచ్చు, పిల్లలు కూడా చెబుతారు, అని ఆవిడ గొంతు తగ్గించి పలికి వినిపించింది. ఎంత అమెరికన్ యాసలో ఉన్నా అది మా ఇంటి ప్రార్థనే. మా ఆయనకి దగ్గు వచ్చి గబగబా బయటికి వెళ్ళారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పెళ్ళి కుదిరిన పిల్ల అని ఈవిడకి ఎవరు చెప్పారు? ఆ రోజు ఆ సంగతి నా ఒంటి మీద ఎక్కడా రాసి లేదు కదా.

ఆవిడకి నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. తను కూడా చూసిందట, ఈ అద్దం తలుపులోంచే. ఆ పిల్ల చెయ్యెత్తి ఏదో అడిగింది. భయపడి దీపం ఆర్పేశాను, అంది. కానీ తర్వాత ఆలోచిస్తే ఆ పిల్ల చలికి గజగజ వణుకుతోంది, చేతిలో వేడివేడి కాఫీ పెట్టుకుని నేను తలుపు వేసుకున్నాను. అది మనసులోంచి పోలేదు. అందుకని అప్పటి నుంచీ మంచు పట్టిన ప్రతి ఉదయం ఈ అరుగు కమ్మీ మీద ఆ పిల్ల కోసం ఒక కప్పు కాఫీ పెడుతున్నాను, అంది. నేను అడగకూడదనుకుంటూనే, ఆ కాఫీ ఏమవుతుందండీ, అని అడిగాను. ఏముంది, తాగుతుంది, అంది ఆవిడ మామూలుగా. ఎప్పుడు చూసినా కప్పు ఖాళీయే. ఆ పిల్ల పోయినేడు కూడా వచ్చింది, వంతెన మధ్యలో నిలబడి ఉంది, నా కళ్ళతో నేను చూశాను, అంది.

ఆవిడ చెప్పిన ఆ ముందటేడు అక్టోబర్ అంతా నేను ప్లెయిన్స్‌బరోలో మోకాలి నొప్పికి ఫిజియోథెరపీ చేయించుకుంటున్నాను.

మర్నాడు పొద్దున్నే మెలకువ వచ్చేసరికి కిటికీ అవతల ఏమీ లేదు. ఆయన్నీ అమ్మాయినీ లేపకుండా స్వెటర్ వేసుకుని బయల్దేరాను. ఎవరు తాగుతున్నారో చూడాలని కాదు, నిజం చెప్పాలంటే నాకు ఆ కాఫీ కావాలనిపించింది. నాకోసం పెట్టినది కదా, పద్నాలుగేళ్ళుగా. అరుగు కమ్మీ మీద కప్పు ఉంది, పొగలు కక్కుతూ. చుట్టూ చూసి, దొంగలా అందుకుని, మెట్టు మీద కూర్చుని తాగాను. పాలు తక్కువ, పంచదార అసలు లేదు, అయినా అంత మంచి కాఫీ నేను తాగలేదు. కప్పు అడుగున ఒక గుక్క మిగిలి ఉండగా వంతెన వైపు చూశాను.

మంచులో, వంతెన మధ్యలో, తెల్లగా ఏదో ఉంది. కదలడం లేదు. మంచే అయి ఉండొచ్చు. ఇనప స్తంభం మీద వెలుగు పడి ఉండొచ్చు. నాకు భయం వేయలేదని చెబితే మీరు నమ్మరు, వేసింది. కానీ భయం వెనకాలే ఇంకొకటి వచ్చింది. ఆ పిల్లకి ఇరవై ఆరేళ్ళు. మోకాళ్ళ నొప్పి తెలియదు, కళ్ళజోడు లేదు, జుట్టు నడుం దాటి ఉంది. అబద్ధం ఒకటి పట్టుకుని ఒంటరిగా నది లోతు కొలవడానికి వచ్చింది. పొద్దుటి నుంచీ ఉపవాసం. నేనేమో నలభై ఏళ్ళదాన్ని, ఇంట్లో రెండు రకాల కాఫీ మెషీన్లు ఉన్నదాన్ని, వచ్చి దాని కాఫీ కాస్తా తాగేశాను.

కప్పుని తీసిన చోటే కమ్మీ మీద పెట్టాను. అడుగున ఒక గుక్క ఉంది, ఇంకా వెచ్చగానే. "తాగేసెయ్యమ్మా, చల్లారిపోతుంది," అన్నాను తెలుగులో, మరీ పెద్దగా కాకుండా. తర్వాత ఈ ఒళ్ళుతో, ఈ మోకాళ్ళతో, ఏ పిన్నులూ లేకపోయినా రెండంగుళాల అడుగులే వేసుకుంటూ వెనక్కి వచ్చాను. సందు తిరిగే చోట ఒక్కసారి ఆగాను గానీ, వెనక్కి చూడలేదు. తాగే వేళ ఎవరైనా చూస్తే దానికి సిగ్గని నాకు తెలుసు.